విలియం ఎవార్ట్ ఫెయిర్‌బెర్న్

విలియం ఎవార్ట్ ఫెయిర్‌బెర్న్ (ఫిబ్రవరి 28, 1885 - జూన్ 20, 1960) బ్రిటిషు సైనికుడు, పోలీసు అధికారి, ఆయుధ శిక్షకుడు. చైనాలోని షాంఘై నగరపు అంతర్జాతీయ నివాస ప్రాంత పోలీసు శాఖలో 1907 నుండి 1940 వరకు పనిచేశాడు. ప్రభుత్వం కానిస్టేబులు చేతికిచ్చే పిస్తోలును ఎలా మోయాలి, ఎలా నింపాలి, ఎలా ఖాళీ చేయాలి, ప్రాణాపాయ సమయంలో ఎలా ప్రయోగించాలి అన్న విషయాలను ఒక క్రమబద్ధమైన శిక్షణగా రూపొందించిన తొలి వ్యక్తులలో ఇతడు ముఖ్యుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు కమాండోలకు, బ్రిటన్, అమెరికా రహస్య దళాలకు ముఖాముఖి పోరాటం నేర్పాడు. ఎరిక్ ఆంథొనీ సైక్స్‌తో కలిసి రూపొందించిన ఫెయిర్‌బెర్న్-సైక్స్ బాకు వలన ఇతని పేరు ప్రపంచమంతటా తెలిసింది. అయితే పోలీసు చరిత్రలో ఇతని స్థానం బాకు కంటే పిస్తోలుకే ఎక్కువ ఋణపడి ఉన్నది.

బాల్యం, సైనిక సేవ

ఫెయిర్‌బెర్న్ 1885లో ఇంగ్లాండులోని హెర్ట్‌ఫోర్డ్‌షైర్ జిల్లా రిక్‌మన్స్‌వర్త్ పట్టణంలో జన్మించాడు. చిన్న ప్రాయంలోనే, 1901లో, రాయల్ మెరైన్ లైట్ ఇన్‌ఫాంట్రీ అనే నౌకాదళ పదాతి సేనలో చేరాడు. సైనికునిగా ఇతనిని తూర్పు ఆసియాకు పంపారు. కొరియా రాజధాని సియోల్‌లోని బ్రిటిషు దౌత్య కార్యాలయానికి కాపలా దళంలో కొంతకాలం పనిచేశాడు. రష్యా, జపానుల మధ్య యుద్ధం జరిగిన కాలమది. బానెట్టుతో పోరాడే విద్యలో ఇతడు అక్కడ నైపుణ్యం సంపాదించాడు. సైనిక సేవనుండి విడుదలయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్ళక, 1907లో షాంఘై పురపాలక పోలీసు శాఖలో కానిస్టేబులుగా చేరాడు.

షాంఘై నేపథ్యం

ఫెయిర్‌బెర్న్ పనిని అర్థం చేసుకోవడానికి ఆనాటి షాంఘై పరిస్థితి తెలియాలి. నల్లమందు యుద్ధాల తరువాత జరిగిన ఒప్పందాల వలన ఆ రేవు పట్టణం మూడు ముక్కలయింది. బ్రిటిషు, అమెరికను స్థావరాలు కలిసి ఏర్పడిన అంతర్జాతీయ నివాస ప్రాంతం ఒకటి. ఫ్రెంచివారి ఏలుబడిలోని ప్రాంతం రెండవది. చైనా ప్రభుత్వం క్రింద ఉన్న నగరం మూడవది. మూడింటికీ వేరువేరు పోలీసులు, వేరువేరు న్యాయస్థానాలు. ఒకచోట దోపిడీ చేసినవాడు వీధి దాటితే మరొక అధికార పరిధిలోకి వెళ్ళిపోయేవాడు.

అంతర్జాతీయ ప్రాంతాన్ని పన్నుకట్టే విదేశీయులు ఎన్నుకున్న పురపాలక మండలి పాలించేది. దాని పోలీసు శాఖ 1854లో ఏర్పడింది. అధికారులలో ఎక్కువమంది బ్రిటిషువారు. క్రింది ఉద్యోగులలో చైనీయులు అత్యధికులు. పంజాబునుండి వచ్చిన సిక్కులు 1880ల నుండి ఈ శాఖలో పనిచేశారు. వాహనాల నియంత్రణ, జైలు కాపలా, గుంపులను అదుపు చేయడం వారి ముఖ్య విధులు. తరువాత జపానీయులను కూడా చేర్చుకున్నారు. ఈ విధంగా నాలుగు జాతులవారు, నాలుగు భాషలవారు ఒకే ఆయుధాగారంనుండి తుపాకులు తీసుకొనే పరిస్థితి ఏర్పడింది.

1911 విప్లవంతో చింగ్ రాజవంశం కూలిపోయింది. దరిమిలా ప్రాంతీయ సేనానుల మధ్య అంతర్యుద్ధాలు చెలరేగాయి. ఓడిన సైనికుల తుపాకులు నల్లబజారుకు చేరాయి. జర్మనీలో తయారైన మౌజరు పిస్తోళ్ళు దోపిడీ ముఠాల చేతుల్లో సామాన్యమయ్యాయి. ధనికులను ఎత్తుకుపోయి డబ్బు గుంజడం, సాయుధ దోపిడీలు, నల్లమందు ముఠాల కలహాలు నిత్యకృత్యాలయ్యాయి. 1920లలో షాంఘై ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన నగరాలలో ఒకటిగా పేరుపడింది.

జూడో అభ్యాసం

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఫెయిర్‌బెర్న్ రాత్రి గస్తీ తిరుగుతుండగా ఒక ముఠా ఇతనిపై దాడిచేసి తీవ్రంగా గాయపరచిందని, ఆసుపత్రిలో కోలుకుంటున్న రోజులలోనే ఆత్మరక్షణ విద్యపై ఇతనికి ఆసక్తి కలిగిందని చెబుతారు. షాంఘైలో నివసిస్తున్న ఒక జపానీ గురువు వద్ద జుజుత్సు నేర్చుకున్నాడు. అనంతరం జపానులోని ప్రసిద్ధ కొడోకాన్ జూడో సంస్థనుండి నల్ల బెల్టులో రెండవ శ్రేణి పొందాడు. చైనా మల్ల విద్యలను కూడా కొంత అభ్యసించాడు.

ఈ విద్యలన్నిటినుండి పోలీసు కానిస్టేబులుకు కొద్ది వారాలలో నేర్పదగిన అంశాలను మాత్రమే ఏరి, డిఫెండు అనే పద్ధతిని తయారుచేశాడు. దీనిపై ఇతని పుస్తకం 1926లో వెలువడింది. పోటీలలో గెలవడానికి కాక, చీకటి సందులో ప్రాణం కాపాడుకోవడానికి ఉపయోగపడే విద్య కావాలన్నది ఇతని ఉద్దేశం. ఇదే దృష్టితో తరువాత పిస్తోలు శిక్షణను కూడా పరిశీలించాడు.

ప్రభుత్వ తుపాకి: రెండు వైపుల ప్రమాదం

పోలీసు ఉద్యోగికి ఇచ్చిన తుపాకి ప్రభుత్వపు సొత్తు. అది అతని నడుముకు రోజంతా వేలాడుతుంది. దాని వలన ప్రమాదం రెండు రకాలు. అవసరమైన క్షణంలో అది పేలకపోతే ఉద్యోగి చనిపోతాడు. అవసరంలేని క్షణంలో పేలితే తోటి ఉద్యోగి గాని, దారిన పోయేవాడు గాని చనిపోతాడు. ఒక ప్రమాదాన్ని తగ్గించడానికి చేసే ఏర్పాటు చాలాసార్లు రెండవదాన్ని పెంచుతుంది. ఈ చిక్కును విడదీయడమే ఫెయిర్‌బెర్న్ చేసిన పని.

అప్పటివరకు చాలా దేశాలలో పోలీసుల తుపాకి శిక్షణ నామమాత్రంగా ఉండేది. ఉద్యోగి సంవత్సరానికి కొన్నిసార్లు మైదానంలో తిన్నగా నిలబడి, ఒక చేయి చాచి, దూరాన ఉన్న గుండ్రని గురిని నిదానంగా చూసి కాల్చేవాడు. కాగితంపై వచ్చిన మార్కులను బట్టి అతని సామర్థ్యాన్ని నిర్ణయించేవారు. తుపాకిని నింపడం, ఖాళీ చేయడం, ఠాణాలో ఒకరి చేతినుండి మరొకరి చేతికి మార్చడం వంటి నిత్య వ్యవహారాలను ఎవరూ పెద్దగా పట్టించుకొనేవారు కాదు. నిజానికి అనుకోకుండా పేలే తుపాకులలో అనేకం ఇటువంటి సందర్భాలలోనే పేలుతాయి.

ఆటోమేటిక్ పిస్తోలు వాడుకలోకి రావడంతో ఈ సమస్య మరింత జటిలమయింది. రివాల్వరులో తూటాలు చక్రంలో ఉంటాయి. చక్రాన్ని తెరిస్తే అన్నీ కంటికి కనబడతాయి. ఆటోమేటిక్ పిస్తోలులో తూటాలు పిడిలో దూర్చే మేగజైనులో ఉంటాయి. పై భాగాన్ని వెనక్కి లాగి వదిలితే మేగజైనునుండి ఒక తూటా గొట్టం మొదట్లో ఉన్న గదిలోకి వెళుతుంది. మేగజైనును బయటికి తీసినా ఆ గదిలోని తూటా అక్కడే ఉండిపోతుంది. మేగజైను తీశాను కనుక పిస్తోలు ఖాళీ అయిందని భావించినవాడు ట్రిగ్గరు నొక్కితే అది పేలుతుంది. అదేవిధంగా, మేగజైను తీయకుండా ముందు పై భాగాన్ని లాగితే గదిలోని తూటా బయట పడుతుంది కాని, దాని స్థానంలో మరొకటి వచ్చి చేరుతుంది. ఖాళీ చేయడంలో వరుస తప్పితే ప్రాణం పోవచ్చు.

షాంఘై పద్ధతి

షాంఘై పోలీసు శాఖ 1920లలో అమెరికాలోని కోల్ట్ సంస్థ తయారుచేసిన ఆటోమేటిక్ పిస్తోళ్ళను ఎక్కువగా వాడింది. విదేశీ సిబ్బందికి .45 క్యాలిబరు పిస్తోళ్ళు, అరచేయి చిన్నదిగా ఉండే చైనా కానిస్టేబుళ్ళకు తేలికైన .380 క్యాలిబరు పిస్తోళ్ళు ఇచ్చేవారు. ఆయుధం మనిషికి సరిపోవాలి గాని, మనిషి ఆయుధానికి సర్దుకోకూడదన్నది ఇందులోని సూత్రం. శాఖ పేరును సూచించే అక్షరాలు, వరుస సంఖ్య ఈ పిస్తోళ్ళపై చెక్కి ఉండేవి. అందువలన ఏ తుపాకి ఎవరి అధీనంలో ఉన్నదో తెలుసుకోవడం సాధ్యమయ్యేది. నల్లబజారులో తుపాకికి మంచి ధర పలికే నగరంలో ఇది చాలా అవసరమైన ఏర్పాటు.

ఫెయిర్‌బెర్న్ పద్ధతిలో అందరినీ ఆశ్చర్యపరచిన అంశం సేఫ్టీ మీటకు సంబంధించినది. పిస్తోలు పక్కన ఉండే ఈ చిన్న మీటను ఒకవైపు తిప్పితే ట్రిగ్గరు పనిచేయదు, మరొకవైపు తిప్పితే పనిచేస్తుంది. ప్రమాదాలను ఆపడానికి తయారీదారు పెట్టిన ఏర్పాటు ఇది. షాంఘైలో ఈ మీటను తిరగకుండా ఒక మేకుతో శాశ్వతంగా బిగించివేశారు.

పైకి ఇది అజాగ్రత్తగా కనిపిస్తుంది. కాని దానికి బదులుగా మరొక కట్టుదిట్టమైన నియమం పెట్టారు. ఉద్యోగి నడుమున ఉన్న పిస్తోలులో నింపిన మేగజైను ఉంటుంది, గదిలో మాత్రం తూటా ఉండదు. ఆ స్థితిలో పిస్తోలు క్రిందపడినా, ఎవరైనా ట్రిగ్గరు నొక్కినా పేలదు. కాల్చవలసిన అవసరం వచ్చినప్పుడు ఉద్యోగి ఒరనుండి పిస్తోలును తీస్తూనే రెండవ చేత్తో పై భాగాన్ని వెనక్కి లాగి వదులుతాడు. తూటా గదిలోకి వెళుతుంది, పిస్తోలు సిద్ధమవుతుంది. తగిన అభ్యాసం ఉంటే ఇదంతా ఒకే కదలికగా జరిగిపోతుంది.

దీని వెనుక ఫెయిర్‌బెర్న్ తర్కం ఇది. మీట ఏ వైపున ఉన్నదో ఉద్యోగి జ్ఞాపకం పెట్టుకోవాలి. భయంలో, చీకటిలో, పరుగులో మనిషి జ్ఞాపకం పనిచేయదు. మీట తిప్పానని భ్రమపడినవాడు శత్రువు ఎదుట పేలని తుపాకితో నిలబడతాడు. మీట వేసే ఉన్నదని భ్రమపడినవాడు ఠాణాలో తోటివానిని కాల్చవచ్చు. గదిలో తూటా లేకపోవడం అనేది జ్ఞాపకంపై ఆధారపడేది కాదు. అది ఆయుధపు స్థితి. పై భాగాన్ని లాగితేనే అది మారుతుంది, లాగడమంటే కాల్చడానికి నిర్ణయించుకోవడమే. ఈ విధంగా భద్రతను ఒక చిన్న ఇనుప మీటనుండి తీసి ఉద్యోగి అలవాటులో పెట్టాడు.

ఈ అలవాటు కోసం నింపడం, ఖాళీ చేయడం సైనిక కవాతు వలె వరుస క్రమంలో నేర్పేవారు. ఖాళీ చేసేటప్పుడు మొదట మేగజైను తీయాలి. తరువాత పై భాగాన్ని పలుమార్లు లాగి గది ఖాళీ అయిందని నిర్ధారించుకోవాలి. ఈ సమయమంతా గొట్టం ఎవరివైపూ చూపకూడదు. పిస్తోలు చేతికి అందినప్పుడు అది ఖాళీగా ఉన్నదని ఎవరు చెప్పినా నమ్మక, స్వయంగా పరీక్షించాలి. కొత్తగా చేరినవారికి తూటా పేల్చే ముందే ఈ పాఠాలు చెప్పేవారు. అభ్యాస స్థలంలో పిస్తోలు గొట్టం నేలవైపు వాలి ఉండే భంగిమలో నిలబడడం కూడా శిక్షణలో భాగమే.

కాల్పుల శిక్షణ

షాంఘై పోలీసులు సాయుధ నేరస్థులతో జరిగిన ఘర్షణల వివరాలను నమోదు చేసేవారు. పన్నెండున్నర సంవత్సరాల కాలంలో ఇటువంటి ఘర్షణలు 666 జరిగాయని లెక్క తేలింది. ఒక నగర పోలీసు శాఖకు ఇది అసాధారణమైన సంఖ్య. ఈ అనుభవాన్ని ఆధారం చేసుకొని ఫెయిర్‌బెర్న్, అతని సహచరుడు సైక్స్ కొన్ని నిర్ణయాలకు వచ్చారు.

అధిక భాగం కాల్పులు కొద్ది గజాల దూరంలోనే జరుగుతాయి. తరచు చీకటిలో, ఇరుకు సందులలో, మెట్లపై జరుగుతాయి. కొద్ది క్షణాలలో ముగుస్తాయి. అటువంటి సమయంలో ఉద్యోగి నిటారుగా నిలబడి గురి చూసే స్థితిలో ఉండడు. అతడు తెలియకుండానే మోకాళ్ళు వంచి ముందుకు వంగుతాడు, పిస్తోలును గట్టిగా బిగించి పట్టుకుంటాడు, కళ్ళు ఎదుటివానిపైనే ఉంటాయి. ఈ సహజ ప్రవర్తనకు విరుద్ధంగా నేర్పిన విద్య ఆపదలో ఎగిరిపోతుంది. కనుక ఆ ప్రవర్తనను అనుసరించే నేర్పాలని వారు భావించారు.

వారి పద్ధతిలో దగ్గరి దూరానికి పిస్తోలుపై ఉన్న గురి మొనలను చూడనవసరం లేదు. శరీరం ఎదుటివానికి అభిముఖంగా ఉంచి, చేతిని ఛాతీ మధ్యరేఖ వెంట పైకెత్తి, వేలితో చూపినంత సహజంగా పిస్తోలును చూపి, వెంటవెంటనే రెండు తూటాలు కాల్చాలి. దూరం ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం గురి చూసి, వీలైతే రెండు చేతులతో పట్టి, ఏదైనా ఆసరా తీసుకొని కాల్చాలి.

శిక్షణ కోసం ప్రత్యేక గృహాలను అమర్చారు. శిక్షణార్థి లోపల ఏముంటుందో తెలియకుండా ప్రవేశిస్తాడు. మసక వెలుతురు, హఠాత్తుగా వినిపించే శబ్దాలు, తలుపుల వెనుకనుండి వచ్చే మనిషి బొమ్మలు అతనిని తికమక పెడతాయి. ఏది నేరస్థుని బొమ్మో, ఏది కాదో క్షణంలో తేల్చుకోవాలి. కాల్చడం నేర్పే చోటే కాల్చకుండా ఉండడం కూడా నేర్పడం ఈ ఏర్పాటులోని విశేషం. ఈనాడు అనేక దేశాల పోలీసు అకాడమీలలో కనిపించే శిక్షణా గృహాలకు ఇవి పూర్వరూపాలు.

సైక్స్ పోలీసు శాఖలో పూర్తికాలపు ఉద్యోగి కాదు. ఆయుధ సంస్థల ప్రతినిధిగా షాంఘైలో వ్యాపారం చేస్తూ, స్వచ్ఛందంగా ప్రత్యేక పోలీసు దళంలో పనిచేశాడు. దూరంనుండి గురిపెట్టి కాల్చే విభాగానికి నాయకత్వం వహించాడు. ఫెయిర్‌బెర్న్ తూటాలను తట్టుకొనే కవచాలు, డాళ్ళు తయారు చేయించడంలో కూడా శ్రద్ధ వహించాడు.

మే 30 సంఘటన

ఎంత మంచి శిక్షణ ఉన్నా, తుపాకి పేల్చమన్న ఆజ్ఞ ఇచ్చేవాని వివేకంపైనే అంతా ఆధారపడి ఉంటుందని 1925లో షాంఘైలో రుజువయింది. ఆ సంవత్సరం మే 15న ఒక జపానీ నూలు మిల్లులో జరిగిన గొడవలో గు జెంగ్‌హోంగ్ అనే కార్మికుడు కాల్పులకు గురై మరణించాడు. దీనికి నిరసనగా మే 30న విద్యార్థులు అంతర్జాతీయ ప్రాంతంలో ప్రదర్శనలు జరిపారు. పోలీసులు కొందరిని నిర్బంధించి నాన్‌కింగ్ రోడ్డు సమీపంలోని లౌజా ఠాణాకు తీసుకువెళ్ళారు. వారిని విడిపించాలంటూ పెద్ద గుంపు ఠాణా ముందు చేరింది.

ఆ సమయంలో పోలీసు కమిషనరు నగరంలో అందుబాటులో లేడు. ఠాణా బాధ్యత ఇన్‌స్పెక్టరు ఎడ్వర్డ్ ఎవర్సన్‌పై పడింది. గుంపు ఠాణాలోకి చొరబడి ఆయుధాలను చేజిక్కించుకుంటుందని భయపడి, క్షణాల వ్యవధిలో హెచ్చరిక చేసి, సిక్కు, చైనా కానిస్టేబుళ్ళకు కాల్చమని ఆజ్ఞ ఇచ్చాడు. 44 తూటాలు పేలాయి. కనీసం 9 మంది మరణించారు, ఇంకా అనేకమంది గాయపడ్డారు.

ఈ వార్తతో చైనా అంతటా సమ్మెలు, విదేశీ వస్తు బహిష్కరణ మొదలయ్యాయి. చరిత్రలో ఇది మే 30 ఉద్యమంగా ప్రసిద్ధి చెందింది. అంతర్జాతీయ న్యాయమూర్తుల సంఘం విచారణ జరిపింది. కమిషనరు కెనెత్ మెక్‌యూయెన్, ఇన్‌స్పెక్టరు ఎవర్సన్ ఇద్దరూ పదవులనుండి తప్పుకున్నారు. పురపాలక మండలి 75,000 డాలర్ల పరిహారం ఇవ్వజూపగా చైనా ప్రభుత్వం నిరాకరించింది.

రిజర్వు యూనిట్

కాల్పుల అనంతరం పురపాలక మండలికి ఒక విషయం స్పష్టమయింది. ఠాణాలో ఉన్న కొద్దిమంది కానిస్టేబుళ్ళకు లాఠీ, తుపాకి తప్ప మూడవ మార్గం తెలియదు. లాఠీ విఫలమయితే తుపాకియే మిగులుతుంది. అల్లర్లను అదుపు చేయడానికి ప్రత్యేక దళం ఏర్పాటు చేసే బాధ్యతను ఫెయిర్‌బెర్న్‌కు అప్పగించారు. ఈ విధంగా ఏర్పడినదే షాంఘై పోలీసుల రిజర్వు యూనిట్. ఈ కోవకు చెందిన దళాలలో ప్రపంచంలోనే ఇది మొదటి వాటిలో ఒకటి.

విదేశీయులు, సిక్కులు, చైనీయులు ఇందులో ఉండేవారు. ఎర్రరంగు వాహనంలో ఈ దళం ఎక్కడికైనా కొద్ది నిమిషాలలో చేరుకొనేది. వరుసలు కట్టి గుంపును చీల్చడం, లాఠీలతో వెనక్కి నెట్టడం, బాష్పవాయువు ప్రయోగించడం మొదట చేయవలసిన పనులు. సాయుధ ముఠాలు ఇళ్ళలో దాగినప్పుడు, మనుషులను బందీలుగా పట్టుకున్నప్పుడు కూడా ఈ దళమే వెళ్ళేది. అటువంటి పనులకు థాంప్సన్ సబ్‌మెషిన్ తుపాకుల వంటి ఆయుధాలు వీరి వద్ద ఉండేవి. ఫెయిర్‌బెర్న్ తన ఉద్యోగ జీవితంలో వందలాది ఘర్షణలలో స్వయంగా పాల్గొన్నాడని, ఇతని ఒంటిపై కత్తిపోట్ల గుర్తులు అనేకం ఉండేవని చెబుతారు. సహోద్యోగులు ఇతనిని డేంజరస్ డాన్ అని వ్యవహరించేవారు. 1940లో అసిస్టెంట్ కమిషనరు హోదాలో పదవీ విరమణ చేశాడు.

రెండవ ప్రపంచ యుద్ధం

1940లో ఫెయిర్‌బెర్న్, సైక్స్ ఇద్దరూ బ్రిటన్‌కు తిరిగి వచ్చారు. జర్మనీ సేనలు ఫ్రాన్సును ఆక్రమించిన రోజులవి. బ్రిటిషు సైన్యం వీరికి కెప్టెన్ హోదా ఇచ్చి, స్కాట్లాండులోని లోఖైలోర్ట్ ప్రత్యేక శిక్షణా కేంద్రానికి పంపింది. యాభై దాటిన ఈ ఇద్దరు మాజీ పోలీసులు యువ కమాండోలకు నిరాయుధ పోరాటం, బాకు యుద్ధం, పిస్తోలు ప్రయోగం నేర్పారు.

1940 నవంబరులో విల్కిన్సన్ స్వోర్డ్ సంస్థతో సంప్రదించి రెండంచుల సన్నని బాకు నమూనాను రూపొందించారు. 1941 మొదట్లో దీని తయారీ ప్రారంభమయింది. కాలక్రమేణా ఈ బాకు కమాండో దళాలకు చిహ్నంగా మారింది. అనేక దేశాల ప్రత్యేక దళాల ముద్రలలో దీని రూపం కనిపిస్తుంది.

1942లో ఫెయిర్‌బెర్న్‌ను కెనడాకు పంపారు. ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ ఎక్స్ అనే రహస్య కేంద్రంలో గూఢచారులకు శిక్షణ ఇచ్చాడు. అనంతరం అమెరికా రహస్య సేవా సంస్థ ఓ.ఎస్.ఎస్.కు శిక్షకుడయ్యాడు. అమెరికా సైనికాధికారి రెక్స్ యాపిల్‌గేట్ ఇతని వద్ద నేర్చుకున్న విద్యను తన పుస్తకం ద్వారా అమెరికా సైన్యానికి, పోలీసులకు అందించాడు. అమెరికా ప్రభుత్వం ఫెయిర్‌బెర్న్‌కు లీజియన్ ఆఫ్ మెరిట్ పతకం ప్రదానం చేసింది. యుద్ధం ముగిసేనాటికి ఇతడు లెఫ్టినెంట్ కర్నల్ హోదా పొందాడు. సహచరుడు సైక్స్ 1945లో మరణించాడు.

ఇతడు విడిచివచ్చిన షాంఘై పోలీసు శాఖ కూడా ఎంతోకాలం నిలువలేదు. 1941 డిసెంబరులో జపాను సేనలు అంతర్జాతీయ ప్రాంతాన్ని ఆక్రమించాయి. 1943లో ఆ ప్రాంతపు ప్రత్యేక ప్రతిపత్తి ముగిసి, పురపాలక మండలి రద్దయింది.

చివరి దశ

యుద్ధానంతరం కూడా ఫెయిర్‌బెర్న్ శిక్షకుడిగా కొనసాగాడు. 1950లలో సింగపూరు, సైప్రస్ పోలీసులకు అల్లర్ల నియంత్రణలో శిక్షణ ఇచ్చాడు. అప్పటికి ఇతని వయసు డెబ్బైకి చేరింది. 1960 జూన్ 20న ఇంగ్లాండులోని ససెక్స్‌లో మరణించాడు.

రచనలు

* డిఫెండు (1926) - పోలీసులకు ఉద్దేశించిన ఆత్మరక్షణ విద్య.
* సైంటిఫిక్ సెల్ఫ్ డిఫెన్స్ (1931) - పై గ్రంథానికి విస్తృత రూపం.
* ఆల్-ఇన్ ఫైటింగ్ (1942) - యుద్ధకాలపు ముఖాముఖి పోరాటం. అమెరికాలో గెట్ టఫ్ అనే పేరుతో వెలువడింది.
* షూటింగ్ టు లివ్ (1942) - సైక్స్‌తో కలిసి రాసినది. షాంఘై పిస్తోలు పద్ధతి ఇందులో పూర్తిగా వివరింపబడినది.

విమర్శ, ప్రభావం

ఫెయిర్‌బెర్న్ పద్ధతిపై అభిప్రాయభేదాలు ఇతని జీవితకాలం తరువాత ఎక్కువయ్యాయి. గురి మొనలు చూడకుండా కాల్చడం వలన తూటా తప్పి ఇతరులకు తగిలే అవకాశం ఉన్నదని కొందరు నిపుణులు విమర్శించారు. 20వ శతాబ్దం రెండవ భాగంలో అమెరికాలో రెండు చేతులతో పట్టి, గురి చూసి కాల్చే పద్ధతి బలపడింది. దగ్గరి దూరంలో, ఆపద సమయంలో మనిషి ప్రవర్తనను గురించి ఫెయిర్‌బెర్న్ గమనించిన విషయాలు సరైనవేనని మరికొందరు వాదిస్తారు. ఈ చర్చ పోలీసు శిక్షకుల మధ్య ఇంకా కొనసాగుతూనే ఉన్నది.

గదిలో తూటా లేకుండా పిస్తోలు మోసే నియమం కూడా ఇటువంటిదే. ఉద్యోగికి రెండవ చేయి ఖాళీగా లేకపోతే, ఉదాహరణకు ఆ చేతికి గాయమైతే, లేదా దానితో ఎవరినైనా పట్టుకొని ఉంటే, పై భాగాన్ని లాగడం కష్టమవుతుంది. ఈ కారణం చేత, కొత్త పిస్తోళ్ళలో క్రిందపడినా పేలకుండా లోపలి ఏర్పాట్లు వచ్చినందువల్ల, పాశ్చాత్య దేశాల పోలీసులు సాధారణంగా గదిలో తూటాతోనే పిస్తోలు మోస్తారు. ఫెయిర్‌బెర్న్ కాలంలో ఉన్న ఆయుధాలకు, అప్పటి శిక్షణా సమయానికి అతడు చూపిన పరిష్కారంగానే ఈ నియమాన్ని అర్థం చేసుకోవాలి.

మరొక విమర్శ ఇంకా లోతైనది. షాంఘై పోలీసు శాఖ విదేశీ పాలకుల ప్రయోజనాలను కాపాడే సంస్థ. నేరస్థులపై సాధించిన నైపుణ్యం కార్మికులపై, విద్యార్థులపై కూడా ప్రయోగించబడింది. సైప్రస్, సింగపూరులలో కూడా ఇతడు వలస పాలన అవసరాలకే పనిచేశాడు. కనుక ఇతని పద్ధతులను ప్రశంసించే రచనలు అవి పుట్టిన నేపథ్యాన్ని మరువకూడదని చరిత్రకారులు అంటారు.

ఈ భేదాలు ఎలా ఉన్నా, ప్రభుత్వం ఇచ్చే తుపాకిని గురించి ఫెయిర్‌బెర్న్ అనుసరించిన ఆలోచనా విధానానికి విలువ తగ్గలేదు. ఆయుధం ఎవరి పేరున ఉన్నదో గుర్తింపు ఉండాలి. జరిగిన ఘర్షణలను నమోదు చేసి వాటినుండి పాఠాలు తీయాలి. ఖాళీ తుపాకి అనేది పరీక్షించి తెలుసుకోవలసిన విషయమే గాని నమ్మవలసిన విషయం కాదు. భద్రతను యంత్రానికి వదిలివేయక ఉద్యోగి అలవాటుగా మార్చాలి. అన్నిటికీ మించి, తుపాకి తీయవలసిన అవసరం రాకుండా చేసే మార్గాలను కూడా ఆ ఉద్యోగికి నేర్పాలి. వీటిలో చివరిదానిని షాంఘై నగరం 1925లో ప్రాణనష్టంతో నేర్చుకున్నది.

ఇయన్ ఫ్లెమింగ్ నవలలలో జేమ్స్ బాండ్‌కు ఆయుధాలు సమకూర్చే విభాగానికి ఫెయిర్‌బెర్న్ ప్రేరణ అని ఒక ప్రచారం ఉన్నది. దీనికి గట్టి ఆధారాలు లేవు.